తొమ్మిదో స్థానంలో కృష్ణప్ప

రంగప్ప కండక్టరుగా ఉన్న కుప్పం బస్సు మదనపల్లె స్టాండు దాటిపోయాక గానీ నీరజకు తానేం రాసిందో తెలిసిరాలేదు. అప్పటిదాకా మహా హుషారుగా ఉంది. ఇలియాస్ నెట్ సెంటర్ గోడకు అంటించిన కాగితం ముందు నిలబడి, తన రాత తనే చదువుకుని, తన చతుర్లకు తనే నవ్వుకుంటోంది. రాసేవాళ్ళందరికీ ఉండే జబ్బే ఇది. ఆమెనొక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం.

ఆ కాగితం సంగతి ముందు చెప్పాలి. రెండు వేల ఐదులో మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్ళ మధ్య ఒక బాస్కెట్‌బాల్ లీగ్ నడిచేది. బంతి లేదు, బుట్ట లేదు, చెమట అసలే లేదు. ఇలియాస్ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఉండేది. అందులో పది జట్లు, జట్టు నిండా లేని మనుషులు. ఎవరు ఎంత ఎత్తు, ఎవరికి ఎంత దమ్ము, ఎవరి చేతినుంచి బంతి ఎంత తిన్నగా పోతుంది, అన్నీ అంకెలే. ఒక్కో జట్టుకు ఒక్కో యజమాని. ఎవరిని ఆడించాలో, ఎవరిని కూర్చోబెట్టాలో ఈ యజమానులు శనివారంలోగా ఇలియాస్‌కు ఫోన్ చేసి చెప్పేవాళ్ళు. ఆదివారం బటన్ నొక్కితే కంప్యూటర్ ఆ వారం ఆటలన్నీ తనకు తానే ఆడేసి స్కోర్లు బయటపెట్టేది. పెళ్ళయి పిల్లలున్న మగవాళ్ళు ఆ స్కోర్ల కోసం అన్నం చల్లారబెట్టుకునేవాళ్ళంటే బయటివాళ్ళు నమ్మరు. వాళ్ళ పెళ్ళాలను అడిగితే చెబుతారు.

ప్రోగ్రాం ఇచ్చే అమెరికా పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని మొదట్లోనే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ప్రతి యజమానీ తన జట్టులో అందరికన్నా మేలైన ఆటగాడికి ఇంట్లో పెద్దల పేరు పెట్టాలి. ఇంటి పెద్ద పేరు పెట్టుకున్నవాణ్ణి ఎవరూ తొందరపడి వేరే జట్టుకు ఇచ్చెయ్యరు కదా అని ఇలియాస్ ఎత్తు. అలా వాల్మీకిపురం జట్టులో ఆరడుగుల పదంగుళాల ఆటగాడి పేరు కుప్పమ్మ. అసలు కుప్పమ్మ ఆ జట్టు యజమానికి అవ్వ, మనవడి భుజం దాకా కూడా రాదు. అయినా ఆ జట్టు మీద బుట్ట వెయ్యాలంటే మిగతా తొమ్మిది జట్లూ కుప్పమ్మను చూసి జంకేవి. పెద్దవాళ్ళకు కూడా ఈ సరదా తలకెక్కింది. సోమవారం వచ్చిందంటే, "ఈ వారం నేనెట్ల ఆడినాన్రా?" అని కొడుకుల్నీ మనవళ్ళనూ నిలదీసేవాళ్ళు.

స్కోర్లు ఎవరైనా చదువుకుంటారు. ఏ జట్టులో నిజంగా సత్తా ఉంది, ఏది అదృష్టం మీద నెట్టుకొస్తోంది అనేది తేల్చడానికి ఒక మనిషి కావాలి. ఆ పని నీరజది. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. చదువుకునే రోజుల్లో నిజం బాస్కెట్‌బాలే ఆడి మోకాలు పాడుచేసుకుంది. సొంత జట్టు లేదు కాబట్టి పక్షపాతమని ఎవరూ అనలేరు. ఆదివారం స్కోర్లు రాగానే ప్రతి వారం ఆమె పవర్ ర్యాంకింగ్స్ రాసేది. ఒకటి నుంచి పది దాకా వరస, ఒక్కో జట్టుకు అయిదారు వాక్యాల వాత. ఆ వాతల కోసమే జనం చదివేవాళ్ళు. అందరి దగ్గరా నెట్ లేదు, ఉన్నచోట తెలుగు అక్షరాలు తెరమీద గళ్ళు గళ్ళుగా కనిపించేవి. కాబట్టి కాగితమే గతి. ఒకటి ఇక్కడి గోడకు, ఒకటి పుంగనూరులో వెంకటప్ప ఫోటో స్టూడియోకు, ఒకటి కుప్పం బస్టాండు టీ అంగడికి. పొద్దున బస్సులో రంగప్ప కవర్లు తీసుకుపోయి ఎవరివి వాళ్ళకిచ్చేవాడు.

మామూలుగా అయితే ఇలియాస్ ముందుగా చదివి, మరీ కారంగా ఉన్నచోట కాస్త నీళ్ళు కలిపేవాడు. ఆ ఆదివారం కదిరిలో పెళ్ళికి పోయాడు. అతని చెల్లెలు అర్షియా నీరజ ఇచ్చినది ఇచ్చినట్టు ప్రింటు తీసి రంగప్ప చేతిలో పెట్టింది. సోమవారం పొద్దున ఇలియాస్ ప్రయాణం బడలికతోనే వచ్చి, గోడ దగ్గర నిలబడి కాగితం పైనుంచి కిందికి చూశాడు. కింద ఒకచోట కళ్ళు ఆగిపోయాయి.

"అక్కా, కుప్పం కవరు పొయిందా?"

"ఎప్పుడో పాయె. యాల?"

"కుప్పం గురించి ఏం రాసినావో ఒగసారి సదువు."

అడగడమే ఆలస్యం, నీరజ గొంతు సవరించుకుని చదివింది. "తొమ్మిదో స్థానం, కుప్పం గ్రానైట్స్. పోయిన సీజన్లో రెండో స్థానం. జట్టు మొత్తం కృష్ణప్ప భుజాల మీద నడుస్తోంది, ఆ కృష్ణప్పలో సరుకు అయిపోయింది. మూడు క్వార్టర్లు ఎట్లాగో ఈడుస్తాడు. నాలుగోది వచ్చేసరికి దమ్ము చాలక నిలబడిపోతాడు. సీజన్ చివరిదాకా ఈ మనిషి ఉంటాడని నాకు నమ్మకం లేదు. చరణ్, ముసలాయన పోయేలోపల ఇంకెవరినైనా చూసుకో."

చదివి, నవ్వు కోసం ఇలియాస్ మొహంలోకి చూసింది. అక్కడ నవ్వు లేదు.

"కృష్ణప్పంటే చరణ్ వాళ్ళ నాయన కదక్కా."

"తెలుసులేప్పా. అందరివీ ఇంట్లో పేర్లే కదా."

"ఆయన ఆసుపత్రిలో ఉండాడు. రేపు పొద్దున గుండె ఆపరేషను. లీగులో ఎవరికీ సెప్పొద్దన్నాడు చరణ్, అందరూ ఫోన్లు చేసి నాయన్ను బెదరగొడతారని. నాకొక్కడికే సెప్పినాడు." ఇలియాస్ నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "సోమవారం ఈ కాగితం సదివి ఇనిపిచ్చకుంటే పెద్దాయన ఊరుకోడంటక్కా. ఈ వారం గూడా కాసుకోనుంటాడు."

కృష్ణప్ప అనే పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని నీరజకు తెలియక కాదు. తెలిసీ మరిచిపోయింది. రెండు సీజన్లుగా ఆమెకు కృష్ణప్ప అంటే ఇన్ని పాయింట్లు, ఇన్ని రీబౌండ్లు, తగ్గుతూ వస్తున్న దమ్ము అంకె. ఇప్పుడా అంకెకు ఒక ఆసుపత్రి మంచం వచ్చి చేరింది. 'ముసలాయన పోయేలోపల' అన్న మాటలు తను కూర్చుని, ఏరి, ఇంకొంచెం పదును పెట్టి రాసినవి. మొదట 'ముసలాయన అలిసేలోపల' అని రాసి, అందులో ఉప్పూ కారం లేదని కొట్టేసింది కూడా. ఆ కొట్టేసిన మాట ఇప్పుడు ఆమెను నిలబడనివ్వడం లేదు.

కుప్పం జట్టు యజమాని చరణ్ సెల్లుకు చేసింది. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేసింది, అదే. పుంగనూరులో వెంకటప్పకు చేసి బస్సు దగ్గర కవరు పట్టుకొమ్మని చెబుదామంటే ఆయన లైను ఎంగేజ్. వెంకటప్ప నెట్లో కూర్చుంటే ఆ ఇంటికి ఫోన్ పోదు, నెట్టూ ఫోనూ రెండూ ఒకే తీగ మీద. ఈ సమయంలో ఆయన నెట్లో ఏం చేస్తుంటాడో ఇద్దరికీ తెలుసు, తన జట్టు స్కోర్లే మళ్ళీ మళ్ళీ చూసుకుంటుంటాడు.

"మా చిచ్చా బండి కృష్ణగిరికి పోతాంది, కుప్పం మీదనే" అన్నాడు ఇలియాస్. "మార్కెట్టు కాడ లోడు అయిపొయ్యుంటాది. పోతావా?"

నీరజ కాలేజీకి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పింది. అందులో అబద్ధం పెద్దగా లేదు.

ఇలియాస్ చిన్నాన్న ముక్తియార్ భాయ్ టమాటా వ్యాపారి. తన సరుకు తానే తోలుకుపోతాడు, డ్రైవర్లను నమ్మడు. నీరజ ముందు సీట్లో ఎక్కి విషయం చెప్పగానే "అయ్యో అల్లా" అని పాపం చాలా నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నాడు గానీ బండి మాత్రం ఎద్దులబండి కన్నా ఒక్క మెట్టు పైన పోనిచ్చాడు.

"భాయ్, కొంచిం బిరీన పోనీరాదా."

"పోతాండా కదమ్మా. గుంతలో బండి ఎగిరిందంటే కింది పెట్టెలో టమాటా అంతా రసమే."

ఆ దారిలో గుంత లేని చోటు వెతుక్కోవాలి. ప్రతి గుంత దగ్గరా ముక్తియార్ భాయ్ బండిని పసిపిల్లను దింపినట్టు దింపి, మళ్ళీ అంత మెల్లగానూ ఎక్కించేవాడు. నీరజ రెండు చేతులూ ఒళ్ళో బిగించి కూర్చుంది. రంగప్ప ఈపాటికి ఎక్కడున్నాడు? చరణ్ కాగితం ముందు తను చదువుకుంటాడా, లేక అలవాటు కొద్దీ తండ్రి ముందే విప్పి గడగడా చదివేస్తాడా? ముందు తనే చదివితే దాచేస్తాడు, ఏ గొడవా లేదు. అయినా చరణ్ తనను జన్మలో క్షమించడు. క్షమించకపోతే పోనీ, ఆ పెద్దాయన చెవిన పడకపోతే చాలు. ఇలా ఒక బేరం ఆడుకుని స్థిమితపడేలోపల ఇంకో భయం ముందుకొచ్చేది. పెద్దాయన చెవినపడి, దిగులు పెట్టుకుని, రేపు ఆ బల్ల మీద ఏమన్నా అయితే? అయితే అది తన రాత వల్ల అయినట్టు కాదా? కాదని లెక్కల లెక్చరరుకు తెలుసు. మనిషి మాటకూ గుండె రక్తనాళానికీ సంబంధం లేదని ఏ పిల్లవాడికైనా చెప్పగలదు. తనకు తాను మాత్రం చెప్పుకోలేకపోయింది.

పుంగనూరులో స్టూడియో ముందు బండి ఆగేసరికి వెంకటప్ప గడపలోనే నిలబడి దారినపోయేవాళ్ళను పిలిచి మరీ కాగితం చూపిస్తున్నాడు. ఆయన జట్టు పేరు పుంగనూరు పొట్టెద్దులు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వరసలో సగం దాటి పైకి రాని ఆ జట్టుకు నీరజ ఈసారి మొదటి స్థానం ఇచ్చింది.

"రామ్మా నీరజా! నీ నోట్లో చక్కెర పొయ్యల్ల. మా యమ్మ రుక్మిణమ్మ రాత్రికి పాయసం చేస్తాననింది!"

"వెంకటప్పన్నా, రంగప్పన్న యాడ?"

"బస్సు పొయ్యి శానాసేపాయె. యాల?"

చెప్పింది. వెంకటప్ప మొహంలో వెలుగు ఆరిపోయింది. గోడ మీది కాగితం వైపు చూశాడు. చింపడానికి చెయ్యి ఎత్తాడు, ఎత్తిన చెయ్యి మొదటి స్థానం దగ్గర ఆగిపోయింది. లోపలికి పోయి ఫోటోలు కత్తిరించే కత్తెర తెచ్చి, తొమ్మిదో స్థానం ఉన్నమేరకు చక్కగా చదరంగా కోసేసి, ఆ ముక్కను జేబులో పెట్టుకున్నాడు. కాగితంలో కిటికీ పెట్టినట్టయింది, మొదటి స్థానం భద్రంగా ఉంది. ఇంకో రోజయితే నీరజ పగలబడి నవ్వి, ఆ ముచ్చటే వచ్చే వారం ర్యాంకింగ్స్‌లో రాసి ఉండేది.

"పో తల్లీ, ముందు పో" అన్నాడు వెంకటప్ప. "పెద్దాయన పడుకోనుంటాడులే. ఆపరేషనుకు ముందు నిద్రపుచ్చుతారంట."

ఆ మాట పట్టుకుని నీరజ పలమనేరు దగ్గరిదాకా వచ్చింది. నిద్రపోతుంటాడు. డాక్టర్లు ఎవరినీ లోపలికి పోనివ్వరు. కాగితాలూ పేపర్లూ వార్డులోకి రానివ్వరు. ఇలా తనకు తెలియని ఆసుపత్రికి తనే నియమాలు కల్పించుకుంటూ పోయింది. గంగవరం దగ్గర ముక్తియార్ భాయ్ మసీదు పక్కన బండి ఆపాడు.

"నమాజు టైమయిందమ్మా. ఇట్ల పొయ్యి అట్ల వస్తా."

నీరజకు ఏడుపొచ్చినంత పనయింది. ఆయన దిగి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఆ పెద్దాయన పేరేమంటివి?"

"కృష్ణప్ప."

"కృష్ణప్ప" అని ఒకసారి పలికి చూసుకుని లోపలికి పోయాడు. నీరజ చేతుల్లో మొహం దాచుకుంది. ఇప్పటివరకు ఆ పేరును తాను ఎగతాళికే వాడింది. ఎరగని మనిషి ఒకాయన దాన్ని దేవుడి దగ్గరికి తీసుకుపోయాడు.

కుప్పం బస్టాండులో టీ అంగడి గోడ ఖాళీగా ఉంది. అది చూసి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కవరు ఏమయిందని అంగడాయన్ను అడిగింది.

"చరణ్ రాలేదు కదమ్మా, ఆసుపత్రి కాడ్నే ఉండాడు. రంగప్ప నాకాడ సంగతి ఇని, 'పెద్దాయన సోమవారం కోసరం సూస్తాంటాడు పాపం' అని తానే ఆటో ఎక్కి ఆసుపత్రికి ఎత్తకపొయినాడు. మంచోడమ్మా రంగప్ప."

ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అందరూ మంచితనంతోనే ఆ కాగితాన్ని చేతులు మార్చి మార్చి, సరిగ్గా చేరకూడని మంచం దగ్గరికి చేర్చారు.

ముక్తియార్ భాయ్ ఆమెను ఆసుపత్రి గేటు దగ్గర దింపి, "తిరిగొచ్చేటప్పుడు ఇట్లే వస్తా" అని చెప్పి కృష్ణగిరి దారి పట్టాడు. మెట్లెక్కి, వార్డు అడిగి తెలుసుకుని పోయేసరికి, తలుపు బయట బెంచీ మీద ఒక యువకుడు మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి కూర్చున్నాడు. నీరజ చరణ్‌ను ఎప్పుడూ చూడలేదు, ఫోన్లో గొంతే తెలుసు. అయినా ఇతనేనని తెలిసిపోయింది.

"చరణ్, నేను నీరజను."

తలెత్తి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"యాల వచ్చినారు మేడమ్? ఇంగా ఏమన్నా రాసేది మిగిలిందా?"

ఆమె బెంచీ చివర కూర్చుంది. అతనే చెప్పుకొచ్చాడు. కవరు తన చేతికే వచ్చింది. ముందుగానే చదువుకున్నాడు. లోపల తండ్రి దిండుకు ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. కాగితం చేతిలో పట్టుకుని, అందులో లేనిది నోటికొచ్చినట్టు చదివేశాడు. కుప్పానికి మొదటి స్థానమన్నాడు, కృష్ణప్పకు ఈ సీజన్లో ఎదురే లేదన్నాడు.

"ఏడు ఆటల్లో అయిదు ఓడినామని పోయిన వారం నేనే సెప్పినా. అది మర్సిపొయినా" అన్నాడు చరణ్. "నాయన కాగితం తన కాడ పెట్టుకున్నాడు. తాగను నీళ్ళు తెమ్మని నన్ను పంపిచ్చి, పక్క మంచంలో శాంతిపురం నారాయణప్ప సార్ ఉండాడు, ఆయనతో సదివిచ్చుకున్నాడు. నేనొచ్చేసరికి గోడకు తిరుక్కోని పండుకోనుండాడు. అప్పుటి నుంచి మాట లేదు. అన్నం వద్దన్నాడు. మా యమ్మ బతిమాలినా పలకలేదు. డాక్టరు వచ్చి ఇట్ల దిగులు పెట్టుకుంటే రేపు కష్టమని సెప్పిపొయినాడు."

నీరజ దారి పొడుగునా ఊహించుకున్న వాటిలో ఇంత చెడ్డది లేదు.

"నేను పొయ్యి మాట్లాడేదా?"

"ఏమని?"

"తెలీదు. తప్పయిందని."

చరణ్ కాళ్ళు పక్కకు తీసి దారిచ్చాడు.

లోపల కిటికీ పక్క మంచం. పక్కనే స్టూలు మీద చరణ్ తల్లి ఆదిలక్ష్మమ్మ తెరవని క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మంచం మీద ఒక పొడుగాటి మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. శాంతిపురం పక్క రాతి క్వారీలో ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేసిన మనిషి. వీపు ఇంకా వెడల్పుగానే ఉంది గానీ, చొక్కా దాని మీద వదులుగా వేలాడుతోంది. కాగితం దిండు కింద సగం కనబడుతోంది.

"పెద్దాయనా, నేను మదనపల్లె నీరజను. ఆ ర్యాంకింగ్సు రాసేది నేనే."

మంచం మీద కదలిక లేదు. నీరజ తిరిగి పోదామా అనుకుంది. అప్పుడు ఆయన మెల్లగా, నొప్పిని ఓర్చుకుంటూ ఇటు తిరిగాడు.

"ఆడబిడ్డవా? ఆ నోరు సూసి మొగోడనుకుంటి."

"తప్పయిందప్పా. మీకు బాగలేదని నాకు తెలీదు. అది మీ గురించి కాదు. ఆ కృష్ణప్ప కంప్యూటర్లో ఉండే…"

"నా గురించి కాకుంటే ఇంకెవురి గురించి?" ఆయన గొంతులో కోపం లేదు. "వాడు గెలిసిన దినం నేనే గెలిసినట్టు ఊరంతా సెప్పుకున్యా. ఇప్పుడు ఓడిపోతే వాడు వేరే, నేను వేరేనా? కూర్చో."

ఆదిలక్ష్మమ్మ స్టూలు ఇచ్చి తను మంచం కాళ్ళవైపు సర్దుకుంది. నీరజ కూర్చుంది.

"నాలుగో క్వార్టరంటే ఏంది?"

"ఆట నాలుగు భాగాలప్పా. ఆఖరి భాగం."

"ఊఁ. క్వారీ మెట్లు ఎక్కతాంటే ఆఖర్న నాకట్లే అయ్యేది. పైకొచ్చినాక రాయి పట్టుకోని నిలబడిపోతాంటి. ఆర్నెల్లు ఎవురికీ సెప్పలే, దీనికి గూడా." భార్యవైపు చెయ్యి చూపించాడు. "నీకెట్ల తెలిసింది?"

"అంకెలు సూసి రాసినా. అంతే అప్పా. అవి ఆట అంకెలు."

"ఈడికొచ్చినాక ఎవురిని అడిగినా ఏం కాదంటారు. డాక్టరు ఏం కాదంటాడు. నర్సమ్మ ఏం కాదంటాది. ఇది ఏం కాదని సెప్పి, బయటికి పొయ్యి ఏడ్సి, మొగం కడుక్కోని వస్తాది. నా కొడుకు సూడు, కాగితం మింద ఉండేది ఇడిసిపెట్టి లేనిది సదివినాడు. లేనిది సదివినాడంటే ఉండేది ఎంత సెడ్డగుండల్లో అని నాకు బయం పట్టుకున్యాది. అందుకే సార్‌తో సదివిచ్చుకుంటి." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నువ్వొకతివే ఉండేది ఉన్నట్టు రాసినావు. ఇప్పుడు సెప్పు. లెక్కలు తెలిసినదానివి కదా. రేపు నేను లేస్తానా?"

నీరజ నోరు తెరిచింది. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ నాలుక చివరనే ఉన్నాయి. ఎనిమిది ఆటలు చూసి సీజన్ చెప్పడం శుద్ధ తప్పని, పోయిన ఏడాది తను పదో స్థానమిచ్చిన జట్టే కప్పు గెలిచిందని, తన అంచనాలు సగం బోల్తాపడతాయని చెప్పి నవ్వించాలనుకుంది. ఆయన కళ్ళు చూశాక ఆ మాటలు రాలేదు. పదేళ్ళుగా బోర్డు మీద జవాబు రాసి కింద రెండు గీతలు గీసే మనిషికి ఇక్కడ గీయడానికి గీత లేదు.

"తెలీదప్పా" అంది. "నాకు నిజంగా తెలీదు. పొద్దున్నుంచి నాకు శానా బయంగా ఉండాది."

అన్నాక ఎంత పని చేశానా అనిపించింది. కృష్ణప్ప నీరజ మొహంలోకి అలాగే చూశాడు. అలా చూస్తూ చూస్తూ ఆయన కింది పెదవి అదిరింది. ముప్పై ఏళ్ళు రాళ్ళు పగలగొట్టించిన మేస్త్రీ, పరాయి ఊరి ఆడపిల్ల ముందు పసివాడిలా ఏడ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని, శబ్దం రాకుండా, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. నీరజ చెయ్యి తీసుకోలేదు.

కాస్త తేరుకున్నాక, "వాణ్ణి పిలు" అన్నాడు.

పిలవనక్కర్లేకపోయింది. చరణ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో.

"రా నాయనా" అన్నాడు కృష్ణప్ప. "నాకు బయంగా ఉండాదిరా."

చరణ్ గబగబా మంచం దగ్గరికొచ్చాడు. ఇన్నాళ్ళ అలవాటుకొద్దీ, ఏం కాదు నాయనా అనే మాట నోటిదాకా వచ్చిందని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. అది బయటికి రాలేదు. మంచం అంచున కూలబడి, తండ్రి మోకాలి మీద తల ఆనించాడు.

"నాకూ బయంగానే ఉండాది నాయనా. రాత్రులు నిద్ర రాలేదు నాకు."

కృష్ణప్ప కొడుకు తలమీద చెయ్యి వేశాడు.

"మరి సెప్పవేమిరా" అన్నాడు. "ఇన్ని దినాలూ నేనొక్కణ్ణే అనుకుంటి కదరా."